మా ముసలమ్మ ఫొటో ఎవరింట్ల ఉన్నది?



ఎంగిలిపూల బతుకమ్మ నుండి కార్తీక పున్నమ దాకా మన వరంగల్ చుట్టుపక్కల ఊర్లకు కెమెరాలు దిగుతయి. వానలు వెనుకబడి మొగులు తేటపడుతది. చెరువులు నిండుగ ఉంటయి. గునుగు, తంగేడు పూస్తయి, పత్తికాయ పగులుతది. ఈ కాలం ఎండల ఫొటో మంచిగ వస్తదట. పట్నంల కొలువులు చేసుకునే బాబులు సెలవు దినాన బండ్లేసుకొని వస్తరు. పత్తి ఏరే అమ్మను "జర నవ్వు" అంటరు. ముడతలు పడ్డ మొఖాన్ని దగ్గరికి గుంజి తీసుకొని పోతరు. ఆ బొమ్మ ఎగ్జిబిషన్ల వేలాడుతది, క్యాలెండరైతది, బహుమతి గూడ తెస్తది. కింద మాత్రం "పల్లె అందం" అనో, "అన్నదాత" అనో రాస్తరు.

ఎవరయ్యా అన్నదాత? ఆమెకు గుంటెడు భూమి లేదు. ఏరిన పత్తిని జోకించి, కిలోల లెక్కన కైకిలి తీసుకునే కూలి మనిషి. ఆమెకొక పేరున్నది. అడిగినోడు లేడు. జమ్మికాడ డప్పు కొట్టే మాదిగాయనది మరీ అన్యాయం. డప్పు పడుతది, చేతులు పడుతయి, మొఖం పడదు! బతుకమ్మ 2014 నుండి రాష్ట్ర పండుగ. మంచిదే. కానీ వాడల బతుకమ్మ వేరుగ ఆడే ఊర్లు ఇంకా ఉన్నయి. ఊరంతా ఒక్కటైనట్టు చూపే ఫొటోల ఆ ఎడం ఎక్కడన్న కనబడ్డదా?

"కళకు కులం అంటగడుతున్నరు" అని కొందరు మామీద గుస్సా అయితరు. కెమెరాకు కులం అంటగట్టింది మేము కాదు. 1868-75 నడుమ ఇంగ్లీషోళ్లు 'పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో ఎనిమిది సంపుటాలు అచ్చేసిండ్రు. మనుషులను కులాల వారీగ, తెగల వారీగ నిలబెట్టి తీసిన ఫొటోలవి. ఇప్పటి బాబులు కులం పేరు తీసేసి "అందం" అని పెట్టిండ్రు. మనిషి పేరు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

1997-98ల మన జిల్లాల పత్తిరైతులు పురుగుమందు తాగి చచ్చిపోతుంటే కెమెరాలు వచ్చినయి. రావాల్సిందే, లోకానికి తెల్వాల్సిందే. అయితే ఏడ్చే ముండమోపి మొఖం ఒక్కటే మిగిలింది. ఆమె మగడు బతికున్ననాడు ఎట్లుండెనో చూపే ఫొటో ఎన్ని గుడిసెలల్ల ఉండె?

అందరినీ ఒకే గాటన కడుతలేం. వరంగల్ బిడ్డ భరత్ భూషణ్, 2022ల కన్నుమూసిండు, తెలంగాణ ఆడోళ్లను, బతుకమ్మను, పాత ఇండ్ల తలుపులను ఏండ్ల తరబడి తిరిగి తీసిండు. ఆదివారం వచ్చి పొద్దుగూకెటాళ్లకు మాయమయ్యే పని కాదది.

ఇగ మన ఇండ్ల సంగతి చూద్దాం. బడిల పిల్లలను "తాత ఫొటో తెండి" అంటే రేషన్ కార్డు జిరాక్స్ తెస్తరు. ముసలమ్మ పోయినంక ఓటరు కార్డు మీది పోస్టుబిళ్లంత బొమ్మను స్టూడియోల పెద్దగ చేయించి దండ వేస్తం. అది ఓట్ల కోసం సర్కారు తీసింది, మనం తీసుకున్నది కాదు!

బాబాసాహెబ్‌ను మనం ఒక్కన్నే నీలి సూటుల నిలబెడుతం. 1934ల రాజగృహంల తీసిన ఇంటి ఫొటో చూసిండ్రా? రమాబాయి, కొడుకు యశ్వంత్, వదినె లక్ష్మీబాయి, ఆమె కొడుకు ముకుంద్, పెంచుకున్న కుక్క గూడ అండ్ల ఉన్నరు. మరుసటేడు మే నెలల రమాబాయి పోయింది. ఆ ఒక్క దినం కూసుండి దిగకపోతే అందరూ కలిసున్న ఆ బొమ్మ మనకు ఉండకపోవు. మొన్నటికి మొన్న 2020 లాక్‌డౌన్ల మధురై దిక్కు వాడిపట్టిల దళిత ఫొటోగ్రాఫర్ జైసింగ్ నాగేశ్వరన్ సొంత ఇంటికి చేరి తన ఇంటోళ్లనే తీసిండు.

ఇప్పుడు మన పోరగాండ్ల చేతుల్ల సెల్లున్నది. సెల్లు నీళ్లల్ల పడితే ఫొటో గూడ పాయె. అందుకే కాయితం మీద కడిగించుండ్రి. వెనుక పేరు, ఊరు, చేసే పని, తారీఖు రాయుండ్రి. బయటి కెమెరా వాడలకు వస్తే ముందుగాల పేరు రాసుకొమ్మనుండ్రి, ఒక కాపీ ఇయ్యమనుండ్రి. ఇయ్యనంటే తియ్యనియ్యకుండ్రి.

మంచాన పడ్డ ముసలోళ్లవి మొదలు తియ్యుండ్రి. దీపావళి దాకా ఆగకుండ్రి. మొఖం కడిగి, పెట్టెల దాచుకున్న చీరనో ధోతినో కట్టించుండ్రి.