కట్ట ఎత్తు కాదు, కట్ట కింద ఎవరున్నారో చూడాలి

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలను మన డోర్నకల్ ప్రాంత రైతులు మరిచిపోలేదు. ఆకేరు పొంగి మరిపెడ మండలం సీతారాం తండాను ముంచింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. చెరువులకు గండ్లు పడి, పొలాల్లో ఇసుక మేటలు వేసింది. అంతకు నెలన్నర ముందు, జూలై 18న, అశ్వారావుపేట మండలంలో పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగింది. ప్రభుత్వ కట్టల గతే ఇట్లుంటే, బోటు షికారుకని, చేపల వేటకని ఫాంహౌసులు, రిసార్టుల వాళ్లు వాగులకు అడ్డంగా పోసుకునే కట్టలను చూసేదెవరు?

2021లో కేంద్రం ఆనకట్టల భద్రత చట్టం తెచ్చింది. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ చేయాలని, ప్రమాదాన్ని బట్టి కట్టలను తరగతులుగా విభజించాలని అందులో ఉంది. సొంతదారు ప్రైవేటు మనిషైనా తప్పించుకోలేడు. అయితే ఇదంతా 15 మీటర్లు, అంటే సుమారు 50 అడుగులు దాటిన కట్టలకే. 10 నుంచి 15 మీటర్ల కట్టలు కొన్ని షరతుల మీద లెక్కలోకి వస్తాయి. అంతకు తక్కువైతే చట్టానికి కనిపించవు. 20 అడుగుల కట్ట అర్ధరాత్రి తెగితే కింది తండాకు అది చిన్న కట్టా?

షికారు కట్ట ఏం చేయగలదో అమెరికాలో జాన్స్‌టౌన్ ఊరు చూసింది. ఆ ఊరి ఎగువన ధనవంతుల చేపల వేట క్లబ్బుకు ఒక కట్ట ఉండేది. బండ్లు పోవడానికి కట్ట పైభాగాన్ని తగ్గించారు. చేపలు పోకుండా మత్తడికి జాలీలు బిగించారు. 1889 మే 31న పెద్ద వానకు జాలీలకు చెత్త పట్టింది, నీళ్లు కట్ట మీదుగా పొర్లాయి, కట్ట తెగింది. 2,209 మంది చనిపోయారు. బాధితులు కోర్టుకు పోతే దైవ ఘటన అన్నారు. క్లబ్బు నుంచి పరిహారం రాలేదు. మన చెరువుల మత్తడికి వలలు కట్టేవాళ్లు, ఇసుక బస్తాలు పేర్చేవాళ్లు కూడా ఇది తెలుసుకోవాలి.

ఇప్పుడు అమెరికాలో కట్ట తెగితే జరిగే నష్టాన్ని బట్టి తరగతి ఇస్తారు. మనుషుల ప్రాణాలు పోయేట్టుంటే పై తరగతి. ప్రాణాలకు కాక రోడ్లకు, కరెంటుకు, ఆస్తులకు నష్టమైతే మధ్య తరగతి. నష్టం స్వల్పమైతే కింది తరగతి. కట్ట గట్టిదా, బలహీనమైందా అన్నది వేరే లెక్క. కింద తండా ఉంటే ఎంత గట్టి కట్టైనా పై తరగతే. కట్ట కింద కొత్త ఇళ్లు లేస్తే తరగతి మారుతుంది.

ఈ పేరుతో చిన్న రైతుల నీటి కుంటల మీద పడతామంటే ఒప్పుకోం. నేల తవ్విన కుంటకు తెగే కట్ట ఉండదు. వాగును ఆపి నేలకు పైన నీళ్లు నిలిపే కట్టలనే మేము అడుగుతున్నాం. మన చెరువులు గొలుసుకట్టు. పైన ఒకటి తెగితే ఆ వరద కింది చెరువు మీద పడుతుంది. షికారు చేసేది పైవాడు, పంట పోయేది కిందివాడిది.

అందుకే సంఘం డిమాండ్ చేస్తోంది: ఎత్తుతో పని లేకుండా వాగుల మీది ప్రతి ప్రైవేటు కట్టనూ నీటిపారుదల శాఖ రాసుకోవాలి. తరగతి ఏమిటో గ్రామసభలో చదివి వినిపించాలి. మత్తడికి జాలీ, వల, బస్తా ఉండకూడదు. కట్ట తెగితే పంటకు, పశువుకు, ఇంటికి సొంతదారే పరిహారం కట్టాలి.

గ్రామ శాఖలు వానలకు ముందే మీ ఎగువన వాగు వెంట నడిచి చూడండి. కట్ట మీద చెట్లు, పందికొక్కుల బొరియలు, కట్ట కింద బురద రంగులో ఊరే నీళ్లు కనిపిస్తే రాసి తహసీల్దారుకు, నీటిపారుదల శాఖ ఏఈకి ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక నకలు సంఘానికి పంపండి.