ముక్కు నుంచి రక్తం కారితే "వేడి చేసింది" అని చేతులు దులుపుకోవడం ఇంకెన్నాళ్ళు?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. ఆశ్రమ పాఠశాలలో చదివినవాళ్ళకి ఇందులో సగం తెలిసిన కథే.

చలికాలం. పొద్దున్న ప్రార్థనకి వరుసలో నిలబడ్డ పిల్లల్లో ఒకడికి ముక్కు నుంచి రక్తం బొటబొటా కారుతుంది. చొక్కా అంతా ఎర్రగా అయిపోతుంది. వెంటనే ఏం చేస్తారు? వెల్లకిలా పడుకోబెడతారు. తల వెనక్కి వంచమంటారు. నెత్తిన చెంబుడు నీళ్ళు పోస్తారు. ఎవరో ఒకరు ఉల్లిపాయ వాసన చూపిస్తారు. ఆఖర్న సారు వచ్చి తీర్పు చెప్తారు: "వేడి చేసిందిరా, మజ్జిగ తాగు, ఎండలో తిరక్కు." లంబసింగి వైపు డిసెంబరులో, నోరు తెరిస్తే పొగలొచ్చే చలిలో, ఎండేంటి సార్? వేడేంటి?

మా తమ్ముడు ఆరో తరగతిలో ఉండగా ఇదే జరిగింది. హాస్టల్ పేరు రాయను. పడుకోబెట్టి తల వెనక్కి వంచేసరికి రక్తం బయటికి కనిపించడం ఆగింది, అందరూ హమ్మయ్య అనుకున్నారు. అది ఆగలేదు, గొంతులోకి దిగింది. కాసేపటికి వాడు ముదురు రక్తం వాంతి చేసుకున్నాడు. దాంతో గది మొత్తం హడలిపోయింది. మా అయ్యకి కబురెళ్ళింది, పని మానేసి ఆటో కట్టించుకుని పరిగెత్తాడు. పీహెచ్‌సీలో నర్సమ్మ వాణ్ణి కూర్చోబెట్టి, ముందుకు వంచి, ముక్కు రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకుంది. పదిహేను నిమిషాల్లో ఆగిపోయింది. మందు లేదు, ఇంజక్షన్ లేదు. ఆటోకి ఆ రోజు కూలి కంటే ఎక్కువైంది.

నా కోపం అక్కడ మొదలైంది. రెండు వేళ్ళ పని అది! హాస్టల్లో ఇంతమంది పెద్దవాళ్ళున్నారు, ఒక్కరికీ తెలీదా?

అసలు జరిగేదేంటంటే, రెండు ముక్కు రంధ్రాల మధ్య గోడకి ముందు భాగంలో సన్నటి రక్తనాళాలు జల్లెడలా అల్లుకుని ఉంటాయి. పైన పొర చాలా పలచన. పొడి చలిగాలికి అది ఎండి పొక్కు కడుతుంది, పిల్లాడు గోటితో గీకుతాడు, నాళం చిట్లుతుంది. జలుబు చేసినా, కట్టెల పొగ పీల్చినా ఆ పొర వాచి తొందరగా చిట్లుతుంది. పిల్లల్లో ఎక్కువసార్లు రక్తం వచ్చేది ఈ ముందు భాగం నుంచే. అందుకే బయటి నుంచి నొక్కితే ఆగుతుంది. నొక్కాల్సింది పైనున్న గట్టి ఎముకని కాదు, కింద మెత్తగా ఉండే భాగాన్ని, రెండు పక్కలా కలిపి. పిల్లాణ్ణి కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకు వంచి, నోటితో ఊపిరి తీసుకోమనాలి. నోట్లోకి వచ్చిన రక్తం మింగకుండా ఉమ్మేయాలి. పది నిమిషాలు వదలకూడదు. అందరూ తప్పు చేసేది ఇక్కడే: నిమిషానికోసారి "ఆగిందా" అని వేలు తీసి చూస్తారు, కట్టుకుంటున్న గడ్డ ఊడిపోతుంది. గడియారం లేకపోతే జనగణమన మనసులో పన్నెండుసార్లు పాడుకోండి, ఒక్కోటి 52 సెకన్లు, పది నిమిషాలు దాటుతుంది. ఆగకపోతే ఇంకో పది నిమిషాలు. అప్పటికీ కారుతుంటే, లేదా మొదటినుంచే ధారగా పోతుంటే, ఆసుపత్రికే. దూది కుక్కడం, ఆకు పసరు పోయడం వద్దు. మన అవ్వల వైద్యాన్ని నేను వెక్కిరించడం లేదు. "వేడి" అనే మాట మన గూడెం ఒక్కదానిదే కాదు, కింద ఊళ్ళ ఆర్‌ఎంపీలు కూడా అదే చెప్పి గ్లూకోజు ఎక్కిస్తున్నారు.

ఆగాక ఆ రోజంతా ముక్కు చీదకూడదు, గీకకూడదు. గోళ్ళు కత్తిరించాలి. ముక్కు లోపల అంచుకి పలచగా వాజలిన్ రాస్తే ఎండిపోదు. ఇంతే.

ఇంతే అయితే ఇంత కోపం ఎందుకంటారా? "వేడి చేసింది" అనే మాటకి రెండో ముఖం ఉంది. నాతో చదివిన ఒక పిల్లాడికి నెలలో నాలుగైదుసార్లు ముక్కు కారేది. కాళ్ళ మీద దెబ్బ తగలకుండానే నల్లటి మచ్చలు, పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం. అందరికీ కనిపించింది. అయినా మజ్జిగే. పట్నం పెద్దాసుపత్రిలో పరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి ఉన్నాయి. బతికాడు. చదువు మాత్రం ఆ ఏడాదితో ఆగిపోయింది.

మామూలు రక్తాన్ని చూసి హడలిపోతాం, ప్రమాదమైనదాన్ని మజ్జిగతో సరిపెడతాం. రెండు తప్పులకీ వేరు ఒక్కటే, ఎవరూ చూసి రాసిపెట్టకపోవడం. మాటిమాటికీ వస్తోందా? ఒంటి మీద మచ్చలున్నాయా? జ్వరంతో పాటు వచ్చిందా? మన దగ్గర మలేరియా, డెంగీ ఉంటాయి, ఆ జ్వరంలో ముక్కు కారితే అదే రోజు రక్త పరీక్ష చేయించాలి. తలకి దెబ్బ తగిలాక వచ్చిందా? పాము కరిచాక ముక్కు, చిగుళ్ళ నుంచి వస్తే అది రక్తపింజరి విషం కావొచ్చు, నొక్కుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. రెండేళ్ళలోపు పసిపిల్లకి వస్తే డాక్టరుకి చూపించాల్సిందే.

2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. ఆ బృందం బడి పిల్లల్ని ఏడాదికోసారి వచ్చి చూడాలి. వచ్చిన రోజు వంద మందిని నిలబెడితే, ఎవడికి మూడు నెలలుగా ముక్కు కారుతోందో వాళ్ళకి ఎలా తెలుస్తుంది? చెప్పడానికి హాస్టల్లో ఒక నోటుబుక్కైనా ఉండాలి కదా. తేదీ, పేరు, ఎంతసేపు కారింది. పది రూపాయల పుస్తకం!

"ఏఎన్‌ఎం లేదు, మేమేం చేస్తాం" అంటారు వార్డెన్లు. ఏఎన్‌ఎం కావాల్సిందే, ఐటిడిఎ ముందు ఆ డిమాండ్ వదలం. కానీ ముక్కు పట్టుకోవడానికి పోస్టింగ్ ఆర్డరు అక్కర్లేదు సార్. అలాగే, రేపు ఆఫీసర్లెవరైనా "పిల్లలకే నేర్పేశాంగా, ఇంక నర్సు ఎందుకు" అంటే దానికీ ఒప్పుకోం. ఆ మచ్చల్ని చూసి గుర్తుపట్టాల్సింది పదో తరగతి పిల్లాడు కాదు.

మన తప్పూ ఉంది. రక్తం కారుతున్న పిల్లాడి ఫోటో తీసి స్టేటస్ పెట్టినవాళ్ళు మన గ్రూపులోనే ఉన్నారు. ఫోటో తీసిన ఆ చేతులు ముక్కు పట్టుకుని ఉంటే సరిపోయేది.

ఈ ఆదివారం మేం నలుగురం మేము చదివిన హాస్టల్‌కి వెళ్తున్నాం. వార్డెన్ గారిని అడిగాం, గంట టైమిచ్చారు. ఒక నోటుబుక్కు, రెండు వాజలిన్ డబ్బాలు, నాలుగు నెయిల్ కట్టర్లు కొన్నాం. పొద్దున్న ఏడింటి బస్సు. వచ్చేవాళ్ళు శనివారం రాత్రిలోపు చెప్పండి.