పొరుగింటికొక మడి

'పెరటిచెట్టు మందుకు రాద'ని మన పెద్దలు చెప్పిన సామెత. చేతికందేదానికి మనిషి విలువ కట్టలేడని దాని భావం. నేడు ఆ సామెతను మన పెరటికే అన్వయించి చూడవలసిన అవసరం ఏర్పడింది. ఇంటి వెనుక రెండు సెంట్ల నేల, బావిలో నీరు ఉన్న ప్రతి కుటుంబమూ తాను పండించే కూరలలో కొంత భాగాన్ని ఆకలిగొన్నవారికి కేటాయించాలని నా అభిప్రాయం. ఇది కేవలం దాతృత్వం కాదు, ఇరుగుపొరుగు ధర్మం.

పాశ్చాత్య దేశాలలో ఈ ధర్మాన్ని వ్యవస్థగా మలచుకొన్నారు. 1967లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో జాన్ వాన్ హెంగెల్ అనే సేవకుడు తొలి ఆహార బ్యాంకును నెలకొల్పాడు. అంగళ్లలో మిగిలిపోయే తినదగిన పదార్థాలను సేకరించి పేదలకు అందజేయడం దాని పని. 1995లో అలాస్కా రాష్ట్రంలోని ఆంకరేజ్‌లో జెఫ్ లోవెన్‌ఫెల్స్ అనే ఉద్యాన రచయిత మరొక అడుగు ముందుకు వేశాడు. తోటలు పెంచే తన పాఠకులను ఆకలిగొన్నవారి కోసం ఒక్క వరుస అదనంగా నాటమని కోరాడు. ఆ ఒక్క వరుస ఆలోచన క్రమంగా దేశమంతటా వ్యాపించింది.

మనకు అన్నదానం కొత్తది కాదు. గోదావరి లంకలలో బాటసారులకు వేళగాని వేళలోనూ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారు (1841-1909) ఆంధ్రుల అన్నపూర్ణ. నేడు పాఠశాలలలోని మధ్యాహ్న భోజన పథకం ఆమె పేరుతోనే నడుస్తున్నది. 2025 జనవరి నుండి ప్రభుత్వ జూనియర్ కళాశాలల విద్యార్థులకు సైతం ఆ భోజనం అందుతున్నది. 'ఆహార బ్యాంకు' అన్న పలక లేకపోయినా బడి వంటశాల, అంగన్‌వాడీ కేంద్రం, అన్నదాన సత్రం మన ఊరి ఆహార బ్యాంకులే.

అయితే వీటికి కొరత దేనికి? బియ్యానికి కాదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం పేద కుటుంబాలలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం లభిస్తున్నది. ఆ సంచిలో కూరగాయలు ఉండవు. ధరలు పెరిగినప్పుడు పేదవాని పళ్లెం నుండి మొదట తొలగేది కూరే. రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ల మహిళలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనతతో బాధపడుతున్నారు. ఈ వ్యాధికి కారణాలు అనేకం. ఒక్క ఆకుకూరతోనే అది నయమవుతుందని చెప్పలేము. కాని మెతుకులతో మాత్రమే నిండిన కడుపు ఆరోగ్యాన్ని నిలబెట్టలేదన్నది స్పష్టం.

నెల్లూరు తీరంలో ఈ సమస్య మరింత తీవ్రంగా కనిపించే కాలమొకటి ఉంది. చేపల సంతానోత్పత్తి కోసం ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేట నిషిద్ధం. ప్రభుత్వం భృతి ఇస్తున్నప్పటికీ మత్స్యకారుల ఇళ్లలో రోజువారీ రాబడి ఆగిపోతుంది. సరిగ్గా ఆ దినాలలోనే బడులకు వేసవి సెలవులు. మధ్యాహ్న భోజనమూ ఉండదు. తండ్రి పడవ, బిడ్డ పళ్లెం ఒకేసారి ఖాళీ అయ్యే ఆ రెండు నెలలలో పొరుగూరి నుండి వచ్చే ఒక ఆకుకూర కట్ట విలువ ఎంతో ఊహించండి.

ఆ కట్టను పంపగలిగినవారు దూరాన లేరు. పెన్నానది పెట్టిన ఒండ్రునేలలు, మైపాడు వంటి సముద్రతీరపు ఇసుకనేలలు ఒకే ఇందుకూరుపేట మండలంలో ఉన్నాయి. ఇసుకనేల కూడా పూర్తిగా పనికిరానిది కాదు. చివికిన పశువుల ఎరువు కలిపి, ఎండుటాకులు కప్పితే దానిలో తేమ నిలుస్తుంది. ఈశాన్య ఋతుపవనాల వర్షాలు పైమట్టిలోని ఉప్పును కొంత కడిగివేస్తాయి కనుక, వానలు వెనుకపట్టిన పుష్యమాసం విత్తడానికి అనువైనది. తోటకూర నెలలోపే కోతకు వస్తుంది. మునగచెట్టు ఒకసారి వేళ్లూనితే వేసవిలోనూ ఆకునిస్తుంది.

లెక్క కూడా భారమైనది కాదు. ప్రాథమిక పాఠశాలలో ఒక్కొక్క బిడ్డకు రోజుకు 50 గ్రాముల కూరగాయలు వండాలన్నది నియమం. 60 మంది పిల్లలకు 3 కిలోలు చాలు. పది ఇళ్లవారు తలా 300 గ్రాములు ఇస్తే అంతకు అంత కూర అదనంగా చేరుతుంది.

'ఇది ప్రభుత్వం చేయవలసిన పని కదా!' అని కొందరు ఆక్షేపించవచ్చు. ఆ మాట నిజం. బడి భోజనం చట్టం ఇచ్చిన హక్కు. దానిని దానంగా మార్చరాదు. అందుచేత మనమిచ్చే కూర నియమిత పరిమాణానికి పైన చేరాలే గాని దానికి బదులు కారాదు. ఈ విషయాన్ని ఊరివారు గమనిస్తూ ఉండాలి. 'తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం' అని మరికొందరు సామెత చెప్పవచ్చు. ఇక్కడ ఎవరూ తమ పళ్లెం తగ్గించుకోనక్కరలేదు. ఉన్న మడి పక్కన మరొక మడి వేస్తే సరిపోతుంది.

ఇచ్చే తీరులో మాత్రం జాగ్రత్త అవసరం. ముదిరిన బెండకాయలు, వాడిన ఆకులు వదిలించుకోవడం దానం అనిపించుకోదు. పురుగుమందు చల్లిన కూరను బిడ్డలకు పంపరాదు. పండుగనాడు గంపెడు ఇచ్చి ఏడాదంతా మరచిపోవడం కంటె, వారానికొక కట్ట తప్పక ఇవ్వడం మేలు. పుచ్చుకొనేవారి ముఖం చిన్నబోకుండా ఇవ్వడం అన్నిటికంటె ముఖ్యం.

ఈ మర్యాదను నెల్లూరు లోకానికి నేర్పగలదు. మొహర్రం దినాలలో స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండుగకు మతభేదం లేకుండా జనం తరలివస్తారు. కోరికతో నేడు రొట్టె పుచ్చుకొన్నవారు, అది నెరవేరిన తరువాత అదే నీటిలో నిలిచి మరొకరికి రొట్టె అందిస్తారు. అక్కడ చేయి చాచడంలో చిన్నతనం లేదు. ఇవ్వడంలో గర్వం లేదు.

విద్యావంతులైన యువతీయువకులు ఈ పనికి పూనుకోవాలి. జాతీయ సేవా పథకం వారు ఊరి బడికి కావలసిన కూరల లెక్క తీసి, పెరడు గల ఇళ్లకు విత్తనాలు చేర్చవచ్చు. వేట లేని నెలలలో ఏ పల్లెకు ఎన్ని కట్టలు అవసరమో ముందుగానే తెలుసుకోవచ్చు. ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. పిడికెడు తోటకూర విత్తనాలు, సాయంకాలం అరగంట శ్రమ చాలు. పొరుగింటి కోసం ఒక మడి వేసిన ఊరిలో పెరటిచెట్టు తప్పక మందుకు వస్తుంది.