కాలేజీ కూడా కఫీలేనా?

పోస్టు కొంచెం పెద్దగైంది. డ్యూటీ దిగినంక చదవండి. ఇంటి దగ్గర కాలేజీకి పోయే పిల్లలున్నోళ్లు మాత్రం తప్పకుండా చదవండి.

ఖతర్‌లో ఇదివరకు కంపెనీ మారాలంటే కఫీల్ ఎన్వోసీ ఇస్తేనే కదిలేది. పాస్‌పోర్టు ఆయన బీరువాలో, మన బతుకు ఆయన సంతకంలో. 2020లో చట్టం మారింది. రెండేండ్ల లోపు పని చేస్తే నెల నోటీసు, అంతకు మించితే రెండు నెలల నోటీసు ఇచ్చి పోవచ్చన్నరు. అమలు ఎట్లుందో మనకు తెలుసు గానీ, కాయితం మీదన్నా హక్కు ఉంది.

ఇగ మన ఊరి దిక్కు చూడండి. నా బిడ్డ హైదరాబాద్ పక్కన ఇంజినీరింగ్ ఫస్టియర్ పూర్తి చేసింది. వాళ్లమ్మకు ఆపరేషన్ అయింది, ఇంట్లో చూసుకునేటోళ్లు లేరు. కరీంనగర్ దగ్గర ఒక కాలేజీలో అదే బ్రాంచిలో సీటు ఖాళీ ఉంది, చేర్చుకుంటమన్నరు. రెండు కాలేజీలూ ఎన్వోసీ ఇయ్యాలి, ఆ పైన యూనివర్సిటీ అనుమతి కావాలి. కొత్త కాలేజీ ఇచ్చింది. పాత కాలేజీ మాత్రం "మిగిలిన మూడేండ్ల ఫీజు కట్టి టీసీ తీస్కపోండి" అన్నది. ఏడాదికి 90 వేల లెక్కన 2 లక్షల 70 వేలు! చెప్పని పాఠానికి, రాయని పరీక్షకు! నా జీతం 1,500 రియాళ్లు. ఎనిమిది నెలలు ఒక్క పైస తినకుండా పంపితే తప్ప తీరదు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో అన్నీ వాళ్ల బీరువాలోనే ఉన్నయి. కఫీల్‌కూ వీళ్లకూ తేడా ఏంది?

"సీటు మూడేండ్లు ఖాళీగ ఉంటది, మాకు నష్టం" అంటున్నరు. సరే, వేరే కాలేజీ నుంచి ఇంకో పిల్లగాడు వచ్చి ఆ సీట్లో కూసుంటే నా పైసలు నాకు వాపస్ ఇస్తరా? ఇయ్యరు. అప్పుడది నష్టమెట్లయితది? చదివిన ఏడాదికి బాకీ ఉంటే కట్టాల్సిందే, నేనూ కట్టిన. చదవని ఏండ్లకు అడిగేది మాత్రం ఫీజు కాదు, జామీను.

రూలు లేదనుకోకండి. యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అడ్మిషన్ రోజు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి, సరిచూసుకుని, వెంటనే వాపస్ ఇయ్యాలి. తమ దగ్గర జిరాక్సులే పెట్టుకోవాలి. చదవబోయే సెమిస్టర్‌కో, ఆ ఏడాదికో తప్ప ముందుగాల ఫీజు వసూలు చేయొద్దు. రూలు ఇంత సాఫ్‌గ ఉంది. అడిగేటోడు లేకనే అది మూలకు పడ్డది.

అడగనిది ఎవరు? మనమే. చేరేటప్పుడు బాండు పేపరు పెడితే చదవకుండ సంతకం చేసినం. "గల్ఫ్‌ల ఉన్నడు, పంపిస్తడు" అని వాళ్లకు ధైర్యం. ఆడోళ్లు ఒక్కళ్లే పోతే గేటు దగ్గరనే రెండు గంటలు నిలబెడ్తరు. చివరికి ఎవరో మధ్యవర్తి వచ్చి "సగానికి మాట్లాడ్త" అంటడు, మనం అప్పు తెచ్చి కడ్తం. అట్ల కట్టిన ప్రతి సగం, రేపు ఇంకో తండ్రి మెడకు ఉరితాడు.

నేను కట్టలేదు. పైసలు ఎందుకు అడుగుతున్నరో కాయితం మీద రాసిమ్మన్న, ఇయ్యలేదు. నోటితో అడిగేది రాతలో పెట్టనీకి ఎందుకు భయం? యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు అర్జీ పెట్టిన. క్యాంపులో కూసుని ఫోన్ నుంచే యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేసిన. ఇంకా తేలలేదు. అక్కడ సెకండియర్ క్లాసులు మొదలైనయి, బిడ్డ ఇంట్లో కూసుంది. ఒక్కోసారి కట్టేద్దామా అనిపిస్తది, అబద్ధమెందుకు. కానీ ఒక్కడు అడిగితే తల పొగరంటరు, వంద మంది అడిగితే రూలు గుర్తుకొస్తది.

ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు తిన్నవా, పైసలు ముట్టినయా అన్నంక ఇంకొక్క మాట అడగండి: పిల్లల మెమోలు ఎక్కడున్నయి? కాలేజీలో అంటే, రేపే పోయి అడిగి తెచ్చుకోమనండి. అవసరం పడ్డంక కాదు, ఇప్పుడే.