వసంతం ఎవరి జాగీరు?

మాకు వసంతం ఎప్పుడొస్తుందో మీ పంచాంగంలో ఉంది, మా క్యాలెండరులో లేదు. హిజ్రీ సంవత్సరానికి 354 రోజులే. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ మా రంజాను, మా బక్రీదు, మా పీర్ల పండుగ అన్ని రుతువుల్లోనూ తిరిగొస్తాయి. నడి ఎండల్లో పట్టిన రోజా మళ్ళీ అవే ఎండల్లోకి రావాలంటే ముప్ఫై రెండు ముప్ఫై మూడేళ్ళు ఆగాలి. మాకంటూ విడిగా ఒక వసంతపు పండుగ లేదన్నమాట. వేప పూసి, మామిడి పిందె పడే వేళకు పిల్లాజెల్లాతో ఇల్లు కదిలి, చెట్టుకింద నలుగురితో కూచుని తినాలంటే ఆ నలుగురిలో మీరూ ఉండాలి. ఇన్ని వందల ఏళ్ళూ అలాగే జరిగింది. ఢిల్లీలో నిజాముద్దీన్ ఔలియా దర్గాలో బసంత్ నాడు ఈరోజుకీ పసుపుపచ్చ పూలతో, పసుపుపచ్చ రుమాళ్ళతో ఖవ్వాలీ జరుగుతుంది. 1591లో హైదరాబాదుకు పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్ షా బసంత్ మీద దక్కనీలో కవితలు రాశాడు. భద్రాచలం కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీని తానీషా పేరుతోనే చెప్పుకుంటారు.

ఇప్పుడేమో అడుగుతున్నారు: ఉగాదితో మీకేం పని? అడిగేవాళ్ళు ఒకవైపే లేరు. అదే మా గొడవ.

మేం కడప వాళ్ళం. మాలో షేకులు, సయ్యదులు, పఠాన్లు ఉన్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడుతూ, నాయనమ్మను జేజి అని పిలుచుకునే దూదేకులవాళ్ళమూ ఉన్నాం. వానలు మొండికేసిన ఏళ్ళల్లో కొందరం కువైటు విమానం ఎక్కాం. అంత డబ్బు పెట్టలేనివాళ్ళం హైదరాబాదు బస్సెక్కాం. ఎక్కినప్పుడు అది మా రాష్ట్ర రాజధాని. 2014లో రాష్ట్రం రెండయ్యాక మా ఊరు ఒక రాష్ట్రంలో, మా బతుకు ఇంకో రాష్ట్రంలో పడ్డాయి.

కడపలో ఉగాది అంటే మాకు దేవుని కడప. తెల్లవారకముందే లేచి తలంట్లు పోసుకుని, ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని లక్ష్మీవేంకటేశ్వరస్వామి గుడికి పోతాం. బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ. ఆమెను కట్టుకున్నాడు గనుక వెంకన్న మాకు అల్లుడు. సంవత్సరాది పూట అల్లుడింటికి ఉత్త చేతులూపుకుంటూ ఎవరైనా పోతారా? బియ్యం, బెల్లం మూటగట్టుకుని, కొబ్బరికాయ పట్టుకుని పోతాం. భత్యం అంటారు దాన్ని. బుర్ఖా వేసుకున్నవాళ్ళు బుర్ఖాతోనే వరుసలో నిలబడతారు, కొంగు కప్పుకున్నవాళ్ళు కొంగుతోనే. కొబ్బరికాయ కొట్టి, దండం పెట్టుకుని బయటికొస్తే ఆడపిల్లలకు గాజులు, మగపిల్లలకు పీకలు, ఎవరికీ చాలనంత ఐసు. నీడ చూసుకుని కూచుని తెచ్చుకున్నది తింటాం. ఇంటికొచ్చాక ఓళిగలు. అంతే మా ఉగాది. దీన్ని మా పెద్దవాళ్ళు ఏనాడూ మతసామరస్యం అనలేదు. ఆ మాట మా ఇళ్ళల్లో పుట్టలేదు, పత్రికాఫీసుల్లో పుట్టింది. మా ఇళ్ళల్లో ఉన్న మాట చుట్టరికం.

హైదరాబాదుకు వచ్చాక మాకు తెలిసొచ్చిన మొదటి సంగతి టులెట్ బోర్డు. ఫోనులో మా తెలుగు విని "రండమ్మా, పోర్షను ఖాళీగానే ఉంది" అంటారు. మనిషిని చూశాక మా యాసకు నవ్వుతారు. సీమ వాళ్ళా, అయితే బాంబులు తెచ్చారా అని సినిమా జోకు ఒకటి వేస్తారు. సరేనని మేమూ నవ్వుతాం. తర్వాత పేరు అడుగుతారు. పేరు చెప్పగానే బాంబుల జోకు గొంతులోనే ఆగిపోతుంది. సీమ బాంబు మీద నవ్వొచ్చు, తురక పేరు పక్కన ఆ మాటకు నవ్వు రాదు. "మా తమ్ముడు ట్రాన్స్‌ఫర్ మీద వస్తున్నాడండీ, పోర్షను వాడికే" అంటారు. ఈ నగరంలో మేం ఇల్లు వెతికిన వారంలో ఎంతమంది ఓనర్లకు తమ్ముళ్ళు పుట్టుకొచ్చారో! ఇంకొందరు మరీ మర్యాదస్తులు. మాకేం పట్టింపు లేదండీ, పక్కవాళ్ళు ఒప్పుకోరు అంటారు. పక్కవాళ్ళను అడిగితే ఓనరు ఒప్పుకోడంటారు. ముస్లింలకు ఇళ్ళు దొరకని సంగతి 2006లో సచార్ కమిటీ రిపోర్టులోకి కూడా ఎక్కింది. రిపోర్టులు చదివి ఇల్లిచ్చే ఓనరు మాత్రం మాకింకా తగల్లేదు.

అప్పుడు పాతబస్తీ వైపు పోతాం. 1990 డిసెంబరు అల్లర్లలో, 1992లో బాబ్రీ కూల్చాక కలగాపులగంగా ఉన్న గల్లీల నుంచి ఎవరివాళ్ళ మధ్యకు వాళ్ళు సామాన్లు మోసుకుపోయారు. ఆ విభజన మీద మేం తర్వాత వచ్చి వాలాం. అక్కడ కిరాయికి ఇల్లు దొరుకుతుంది, కాదనం. దానితోపాటు పరీక్ష కూడా ఉంటుంది. మా ఉర్దూకి నవ్వుతారు. దూదేకులవాళ్ళమని తెలిస్తే కల్మా వచ్చా అని అడుగుతారు. పేరు చివర సాహెబు ఉన్నా పిల్లనివ్వరు. అవతల తురకోళ్ళం, ఇవతల సగం తురకోళ్ళం. ఇస్లాంలో కులం లేదని వేదికలెక్కి చెప్పే పెద్దలకు ఈ సగం లెక్క ఎవరు నేర్పారో వాళ్ళే చెప్పాలి. పిల్లల్ని తెలుగు మీడియంలో వేద్దామంటే ఆ చుట్టుపక్కల బడి లేదు, ఉర్దూ మీడియంలో వేద్దామంటే మా పిల్లలకు అలీఫ్ బే తప్ప రాదు. చివరికి గల్లీ చివరి ఇంగ్లీషు కాన్వెంటే అందరికీ దిక్కు.

ఇంత చేసినా ఉగాది వస్తుంది. వేపచెట్టు పేరు అడక్కుండానే పూస్తుంది. పిల్లలు ఎక్కడికన్నా పోదామంటారు. దేవుని కడప రాత్రంతా బస్సు ప్రయాణం, జేబు ఒప్పుకోదు. కాబట్టి పార్కు.

నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్స్ అసలు పేరు బాగె ఆం. అందరి తోట అని అర్థం. ఆ పేరు పెట్టినవాళ్ళు చెప్పినంత తేలిక కాదు అందరిలో కలవడం. దుప్పటి పరుచుకుని కూచుంటే మా చుట్టూ ఎవరూ గీయని గీత ఒకటి ఏర్పడుతుంది. అవతలి కుటుంబం మెల్లగా చాప ఎత్తుకుని ఇంకో చెట్టుకిందికి జరుగుతుంది. టిఫిను డబ్బా మూత తీస్తే తలలు తిరుగుతాయి. పులిహోర అయినా సరే, మా డబ్బాలో ఉంటే అది మాంసమే. ఇవన్నీ చిన్న విషయాలని మీరంటారు. చిన్నవే. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కాకపోతే ఒక పూట సరదాగా గడపడానికి వచ్చినవాళ్ళం పూటంతా మమ్మల్ని మేం కాపలా కాసుకుని ఇంటికి పోతాం.

2007 తర్వాత ఇది చిన్న విషయం కూడా కాకుండా పోయింది. ఆ మే 18న మక్కా మసీదులో శుక్రవారం నమాజు వేళ బాంబు పేలింది. చచ్చింది మేమే. తర్వాత పోలీసులు పట్టుకుపోయిందీ మా కుర్రాళ్ళనే. వాళ్ళలో ఎందరినో కోర్టులు నిర్దోషులని వదిలేశాయి, అయితే పోయిన చదువులూ, తప్పిన పెళ్ళిళ్ళూ ఏ కోర్టూ తిరిగి ఇవ్వలేదు. ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో పేలాయి. సరదాగా షికారుకొచ్చినవాళ్ళు, మిర్చీబజ్జీ తినడానికి ఆగినవాళ్ళు చనిపోయారు. వాళ్ళ కోసం మేమూ ఏడ్చాం, కానీ మా ఏడుపును కూడా సోదా చేశారు. ఆనాటి నుంచీ పచ్చిక మీద బ్యాగు పెట్టి పిల్లవాడికి మంచినీళ్ళు తేవడానికి నాలుగడుగులు వేయాలంటే మాకు భయం. బ్యాగు దగ్గర ఒక మనిషి ఉండి తీరాలి. మా ఇళ్ళల్లో పార్కుకు పోయేటప్పుడు చెప్పే జాగ్రత్తలు ఇవి: బ్యాగు వదలొద్దు, గట్టిగా ఉర్దూ మాట్లాడొద్దు, పోలీసు పిలిస్తే పరిగెత్తొద్దు. మీ ఇళ్ళల్లో ఏం చెబుతారు? నీళ్ళలోకి దిగొద్దు అని చెబుతారు కదూ.

అందుకే ఈద్ మర్నాడు చూడండి, బహదూర్‌పురా జూపార్కు మావాళ్ళతో కిటకిటలాడుతుంది. ఆటోల్లో, స్కూటర్ల మీద ఐదారుగురేసి, డేగిసాలు, చాపలు, పాలసీసాలు. దాన్ని చూసి వీళ్ళకు జూ తప్ప ఇంకోటి తెలీదని వెక్కిరిస్తారు. ఇంటి పక్కనే ఉంది, టిక్కెట్టు అందుబాటులో ఉంది, పైగా జంతువులు పేరు అడగవు.

ఇక మా లోపలి సంగతి. దీన్ని దాచిపెట్టి బయటివాళ్ళనే తిట్టడం మాకు చేతకాదు. ఉగాదికి గుడికి పోతే షిర్క్ అంటున్నారు మా జమాత్ పెద్దలు. దర్గాకు పోయినా షిర్కే. తోటకు పోతే బేపర్దా. పీర్లను లేపితే జాహిలీ. సరే, ఆడవాళ్ళు ఇక ఎక్కడికి పోవాలి? దీని మీద వాళ్ళ దగ్గర ఫత్వా లేదు. మగవాళ్ళు మాత్రం జమాత్ పేరుతో చిల్లా కట్టి నలభై రోజులు ఊళ్ళు తిరిగి రావచ్చు. మా జేజి తన బతుకంతటిలో వాకిలి దాటి చూసిన లోకం రెండే చోట్లు: ఉగాదికి దేవుని కడప, ఉర్సుకు పెద్ద దర్గా. ఆ రెండూ తీసేస్తే ఆమెకు మిగిలేది పొయ్యి. తౌహీదు పేరు చెప్పి ఆమెను పొయ్యి దగ్గర కూచోబెట్టినవాళ్ళకు తౌహీదు మీద ఎంత ప్రేముందో మాకు తెలీదు. ఆడమనిషి బయట తిరగడం మీద ఉన్న భయం మాత్రం బాగా కనిపిస్తోంది.

ఇవన్నీ మొన్న మొన్న హిందువుల్ని చూసి నేర్చుకున్నారని ఇంకో మాట. ఏలూరు మనిషి జాఫర్ షరీఫ్ రాసిన 'కానూనె ఇస్లాం' ఇంగ్లీషులో 1832లోనే అచ్చయింది. ఈ దేశపు ముసల్మాన్లు పుట్టుక నుంచి చావు దాకా ఏం చేస్తారో అందులో రాశాడు. సఫర్ నెల చివరి బుధవారం ఆఖరీ చహార్ షంబా నాడు తలస్నానాలు చేసి, కొత్తబట్టలు కట్టుకుని, తోటలకు పోయి పచ్చిక మీద నడవడం మనవాళ్ళ ఆచారమని అందులో ఉంది. ప్రవక్త తన చివరి జబ్బులో ఆ రోజు కాస్త తేరుకుని స్నానం చేశారన్న నమ్మకంతో పుట్టిన పండుగ అది. సఫర్ ఏ రుతువులో వస్తే ఆ రుతువులోనే. గడ్డి మీద ఉత్త కాళ్ళతో నడవడాన్ని ఇబాదత్‌కు దగ్గరగా చూసుకున్న జనం మనం. ఇప్పుడు ఆ బుధవారం పేరు మా పిల్లల్లో ఎందరికి తెలుసు? వాళ్ళకు తెలియకుండా చేసింది సంఘ్ పరివార్ కాదు.

సంఘ్ పరివార్ చేసేది వేరు. వాళ్ళు వసంతానికి గేటు కట్టి తాళం వేస్తారు. 2022 మార్చిలో కర్ణాటక తీరంలో జాతరలు మొదలయ్యే వేళకు ముస్లింల దుకాణాలు పెట్టనీయొద్దని బ్యానర్లు లేచాయి. ఎన్నో తరాలుగా అక్కడ గాజులు, బొమ్మలు, మిఠాయిలు అమ్ముకున్నవాళ్ళను ఒక్క సీజన్లో పరాయివాళ్ళను చేశారు. అదేదో కర్ణాటక సంగతి అనుకోకండి. శ్రీశైలంలో దేవస్థానం దుకాణాల వేలంపాటలో హిందువులు కానివాళ్ళు పాల్గొనకూడదంటే అక్కడ ఎన్నాళ్ళుగానో బతుకుతున్న మావాళ్ళు సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చింది. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఉగాదికి కాలినడకన శ్రీశైలం వచ్చే కన్నడ భక్తులకు ఒక చెప్పుల జతో, ఒక బొమ్మో అమ్ముకోవడానికి దేశంలోని అతి పెద్ద న్యాయస్థానం అనుమతి కావాల్సివచ్చిందన్నమాట.

ఇప్పుడు లౌకికవాద మిత్రులతో రెండు ముక్కలు. ఏటా ఉగాది మర్నాడు పేపరు తెరిస్తే దేవుని కడప ఫోటో ఉంటుంది. బుర్ఖా, కొబ్బరికాయ, గాలిగోపురం. కింద 'వెల్లివిరిసిన మతసామరస్యం' అని అచ్చేస్తారు. ఆ ఫోటోలో మనిషి పేరు ఉండదు, ఊరు ఉండదు, ఆమె ఏం పనిచేసుకుని బతుకుతుందో ఉండదు. బుర్ఖా ఒక్కటి చాలు. ఉగాది కవిసమ్మేళనాలూ అంతే. పద్దెనిమిది మంది కవులుంటే ఒక ముస్లిం కవికి పిలుపు వస్తుంది. మిగతావాళ్ళు కోయిల మీద, రైతు మీద, ప్రపంచీకరణ మీద ఏదైనా చదవచ్చు. మావాడు మాత్రం సేమ్యా మీద చదవాలి. ఇళ్ళు దొరకని సంగతి చదివితే, పండుగపూట ఎందుకండీ ఇవన్నీ అంటారు. మీ సామరస్యానికి మేం సాక్షులుగా కావాలి, ఫిర్యాదుదారులుగా పనికిరాం.

మేం దేవుని కడపకు మా మంచితనం రుజువు చేసుకోవడానికి పోవడంలేదు. చుట్టాలింటికి పోతున్నాం. చుట్టాలింటికి పోయినందుకు ఎవరూ ఫోటో తీసి మెచ్చుకోరు; రాకపోతే ఏమైందని కబురు పంపుతారు. ఇన్నేళ్ళుగా హైదరాబాదులో ఉండి ఉగాదికి రాలేకపోతున్న మా గురించి ఏ పత్రికా కబురు పంపలేదు. పైగా పండుగనాటి ఆ ఫోటో వేసిన పేపరులోనే లోపలి పేజీ చిన్న ప్రకటనల్లో 'ఇల్లు అద్దెకు, శాకాహారులకు మాత్రమే' అని ఉంటుంది. ఆ శాకాహారం ఎవరిని ఆపడానికో రాసినవాళ్ళకూ తెలుసు, డబ్బు తీసుకుని అచ్చేసినవాళ్ళకూ తెలుసు. సంపాదకులు ఒక్క ఉగాదికైనా ఆ ఫోటోనూ, ఆ ప్రకటననూ పక్కపక్కనే, ఒకే పేజీలో వేయగలరా? కింద ఏం రాయాలో మేం చెబుతాం.