గట్టు తగలబెట్టి దోమ మందుకు పరుగెత్తడం ఎందుకు?

వీడియోలో దుబ్బు మొదట్లో నీటి మీద గబగబా పరుగెత్తిన గోధుమరంగు సాలీడును చూశారు కదా, ఈ నాలుగు మాటలూ దాని గురించే. ఇది గూడు అల్లదు. వేటను వెంటాడి పట్టుకుంటుంది కాబట్టి తోడేలు సాలీడు అంటారు. వీపు మీద ఫోర్కు లాంటి మచ్చ ఉంటుంది. మా డిప్లొమా పుస్తకాల్లో లైకోసా, ఇప్పుడు పార్డోసా అంటున్నారు. పేరు ఏదైతేనేం, రోజుకు 5 నుంచి 15 పురుగుల్ని తింటుంది. సుడిదోమ ఉండేదీ దుబ్బు మొదట్లోనే, ఇది తిరిగేదీ అక్కడే.

మన నగరం, రేపల్లె వైపు కాలువ నీళ్లొచ్చి దమ్ములు చేశాక ఇవి ఎక్కడుంటాయి? గట్టు గడ్డిలో, కాలువ కట్టల మీద, గడ్డి కుప్పల కింద. ఊడ్పులైన కొద్ది రోజులకే చేలోకి దిగుతాయి. తల్లి గుడ్ల సంచిని వెనక తగిలించుకుని తిరుగుతుంది, పిల్లలు బయటికొచ్చాక వీపు మీద మోస్తుంది. మనమేమో గట్లకు గడ్డి మందు కొడతాం, మిషను కోతయ్యాక మొక్కజొన్న కోసం గడ్డికి నిప్పు పెడతాం. ఇక చేలోకి దిగడానికి సాలీళ్లు ఎక్కడ మిగులుతాయి?

కౌలు రైతు భయం నాకు అర్థమవుతుంది. బీపీటీ 5204 దోమకు తట్టుకోదు, పట్టిందంటే చేను సుళ్లు సుళ్లుగా ఎండిపోతుంది. కానీ దోమ గుడ్లు ఆకు తొడిమ లోపల ఉంటాయి, పైన కొట్టిన మందు వాటికి అందదు. చచ్చేది సాలీడు. వారం, పది రోజుల్లో పిల్ల దోమ బయటికొస్తే తినేవాళ్లుండరు. సింథటిక్ పైరిత్రాయిడ్లు కొట్టిన చేలల్లో దోమ ఇంకా పెరగడానికి ఇదో కారణం. ఇండోనేషియా 1986లో వరి మీద 57 మందుల్ని నిషేధించింది ఇందుకే.

మన ప్రకృతి సేద్యం వాళ్లతోనూ నాకో పేచీ ఉంది. క్యాలెండర్ చూసి అగ్నిఅస్త్రం కొట్టేవాళ్లున్నారు. ఆ ఘాటుకు ఏది దోమో ఏది సాలీడో తెలుస్తుందా? కషాయమైనా అవసరం చూసే కొట్టాలంటాను.

ఊడ్చేటప్పుడే 2 మీటర్లకో 20 సెంటీమీటర్ల కాలిబాట తీయండి. గట్టు మీద కంది, అలసంద వేసి కాస్త గడ్డి వదలండి. పిలకల దశలో దుబ్బుకు 10, 15 దోమలు కనిపిస్తే జాగ్రత్త పడమంటారు. ఆ లెక్క చూసేటప్పుడు దుబ్బు వంచి తట్టి, నీటి మీద పడ్డ సాలీళ్లను కూడా లెక్కపెట్టండి. ఒక్క దుబ్బు కాదు, చేను నాలుగు వైపులా కలిపి ఇరవై దుబ్బులు. మీ చేలో ఎన్ని ఉన్నాయో కామెంట్లో రాయండి.