మొక్కు మోసే భుజాలారా!

చెల్పూర్ తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! రెండేళ్లకోసారి మాఘ పున్నమికి మన ఊళ్లన్నీ మేడారం సమ్మక్క జాతర బాట పడతాయి. నిలువెత్తు బంగారమంటూ బెల్లం తూకమేసి, దాన్ని గద్దెల దాకా మోస్తారు. ఆ తల్లి కత్తి ఎందుకు పట్టిందో ఎప్పుడైనా తలుచుకున్నారా? కరువొచ్చి కోయ పల్లెలు కప్పం కట్టలేమంటే కాకతీయ రాజు సైన్యాన్ని పంపాడంటుంది కథ. ఆమె కొడుకు జంపన్న నేలకొరిగింది ఆ పోరులోనే. అడవి ఎవరిది, దాని పంట ఎవరిది అన్నదే అక్కడి తగాదా. అది ఇప్పటికీ తీరలేదు.

ఎండాకాలం కోడి కూయకముందే ఆడవాళ్లు అడవికి పోతారు. తునికాకు తెంపుకొచ్చి, ఇంటి ముందు నీడలో కూర్చుని, యాభై ఆకులకో కట్ట కడతారు. పొద్దు వాలితే కల్లంలో వరుసలుగా పేరుస్తారు. ఆకు మీద మచ్చ ఉందని కట్టను పక్కన పడేస్తే ఆ కష్టం మట్టిపాలే. కట్టకు రేటు కట్టేది మాత్రం ఆకు తెంపిన చెయ్యి కాదు.

2006 అటవీ హక్కుల చట్టం తునికాకు, వెదురు, తేనె సేకరించి అమ్ముకునే హక్కు అడవి బిడ్డలదేనంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో 1996 పెసా చట్టం వాటిని గ్రామసభ చేతికిచ్చింది. గోదావరి అవతల గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖ గ్రామసభ 2011లో వెదురు రవాణా పర్మిట్ల పుస్తకాన్ని తన చేతికి తెచ్చుకుంది.

భక్తికీ బేరానికీ ఏం సంబంధమంటారా? ఒడిశా డోంగ్రియా కోందులు నియమగిరిని నియమరాజు కొండగా కొలుస్తారు. ఆ కొండ మీద బాక్సైట్ కోసం కన్నేసిన వేదాంత కంపెనీలో తన వాటాలను 2010లో ఇంగ్లండ్ చర్చి అమ్మేసింది, ఆ కంపెనీ ఆదివాసుల హక్కులను లెక్కచేయడం లేదని. 2013లో సుప్రీంకోర్టు కొండ మీద వాళ్ల పూజా హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలంది. పన్నెండు పల్లెలు కూర్చున్నాయి, పన్నెండూ తవ్వకం వద్దన్నాయి. నాకైతే అంతకన్నా గొప్ప మొక్కు కనబడదు.

మీరు చదువుకున్నారు, ఫోన్లున్నాయి, లెక్కలొచ్చు. ఈ ఎండాకాలం కల్లం దగ్గర నిలబడి కట్టలు లెక్కపెట్టండి. తునికాకు బోనస్ ఎవరికి ఎంత వచ్చిందో అడిగి రాయించండి. అడవి మీద బతికే పల్లెల్లో సామూహిక అటవీ హక్కుల దరఖాస్తు నింపడం రాని పెద్దల పక్కన కూర్చుని నింపిపెట్టండి. జాతరకు పోయినప్పుడు తేనె కొంటే కోయ తల్లి చేతినే కొనండి, బేరం ఆడకండి.